మెట్లు లేని ఇల్లు

మా వైపు ఎవరూ చెట్టు మీంచి పడరు. కోనసీమలో ఎటు చూసినా కొబ్బరి చెట్లే, వాటిని ఎక్కి బతికేవాళ్ళూ తక్కువేం కాదు. అయినా మా దగ్గర్లోని ఆసుపత్రి రిజిస్టరు తిరగేస్తే చెట్టు మీంచి పడ్డవాడు ఒక్కడూ కనబడడు. అందరూ ఇళ్ళలోనే పడతారు. నూతి గట్టు మీద జారతారు, బాత్రూములో జారతారు, మెట్ల మీద జారతారు. పరాయి ఊరివాడెవడైనా ఆ రిజిస్టరు చదివితే మా ఇళ్ళన్నీ నాచు పట్టి ఉంటాయనుకుంటాడు.

కారణం చాలా మర్యాదైనది. చెట్టు మీంచి పడ్డాడని రాయిస్తే ఆ చెట్టెవరిదని అడుగుతారు. చెట్టుగలవాళ్ళ గుమ్మంలోకి పోలీసు వస్తాడు. నెలన్నరకో రెండు నెలలకో ఓసారి వచ్చి కాయలు దింపే మనిషికి ఆ ఇంటితో ఏళ్ళ తరబడి పరిచయం ఉంటుంది. తన మూలంగా వాళ్ళ గుమ్మంలో పోలీసు నిలబడడమంటే ఎముక విరగడం కన్నా ఎక్కువ ఇబ్బంది అతనికి. అందుకని ఆ విరిగిన ఎముకతోనే ఇంట్లో జారిపడతాడు.

ఈ పద్ధతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తప్పని కూడా తెలుసు. ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. అంతకన్నా ఎక్కువేళ్ళు మా లూథరన్ చర్చిలో ఆదివారం బడి నడిపాను. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ దగ్గరికొచ్చేసరికి నా గొంతు పెద్దదవుతుందని పిల్లలు నవ్వుకునేవారు. ఇంకో సంగతి, నా చేతిరాత బాగుంటుంది. నా గొప్ప నేనే చెప్పుకుంటున్నానని అనుకోకండి, ఊరంతా అంటుంది కనుక నేనూ అంటున్నాను. పింఛను ఆగిపోయినా, కరెంటు స్తంభం ఒరిగినా అర్జీ రాయించుకోవడానికి మా ఇంటికే వస్తారు. నేను రాసిన అర్జీ చూస్తే ఆఫీసులో వాళ్ళు కుర్చీలో సర్దుకుని కూచుంటారని మా ఆయన అనేవారు.

ఆయనా నేనూ ఉద్యోగాలు చేసిన డబ్బుతో కొనుక్కున్న స్థలంలో నలభై కొబ్బరి చెట్లున్నాయి. ఆయన పోయి ఆరేళ్ళయింది. మొదటి నుంచీ ఆ నలభై చెట్లూ ఎక్కినవాడు ఒకడే. యాభైకి దగ్గర పడుతున్న మనిషి, సన్నగా ఉంటాడు, మాట్లాడడం తక్కువ. కాళ్ళకి తాడు బంధం వేసుకుని ఎక్కుతుంటే చప్పుడు కూడా ఉండదు. నేను కింద కుర్చీ వేసుకుని కాయలు లెక్కపెట్టేదాన్ని. లెక్కలో ఎప్పుడూ తేడా రాలేదు, అయినా లెక్కపెట్టడం మానలేదు.

ఆ రోజు తెల్లవారుజామున వాన పడి వెలిసింది. పన్నెండు చెట్లు దింపాక అతను తువ్వాలుతో మొహం తుడుచుకుని, "చెట్టు కొంచెం తడిగా ఉందండి టీచరు గారండి. మిగతావి రేపు చూద్దామండి," అన్నాడు.

మా జిల్లాలో మనిషి నోటి వెంట "వద్దు" అనే మాట రాదు. "చూద్దామండి" అంటే వద్దని అర్థం. అది తెలియనిదాన్నా నేను? తెలియనట్టు నటించాను. "కాలవ గట్టు మీద చెట్టొక్కటీ తీసెయ్యవయ్యా. ఎండు కాయలున్నాయి, దారినపోయేవాళ్ళ నెత్తిన పడతాయి," అన్నాను. దారినపోయేవాళ్ళ మీద నాకున్న దయ అలాంటిది.

"అలాగేనండి," అని ఎక్కాడు. సగం దాటాక పడ్డాడు.

నేను పరుగెత్తేసరికి కుడి చెయ్యి ఒంటి కింద పడి, కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. అతనన్న మొదటి మాట, "టీచరు గారండి, మీరు లోపలికెళ్ళిపోండి." నాకున్న బీపీ గుర్తొచ్చి అన్నాడనుకున్నాను. ఆ చెట్టు కింద నన్ను ఎవరూ చూడకూడదని అన్నాడని అర్థం కావడానికి నాకు గంట పట్టింది.

ఆ గంట తర్వాత మేం ఆసుపత్రిలో ఉన్నాం. అతని భార్య, నేను, స్ట్రెచరు మీద అతను. బల్ల దగ్గరి ఉద్యోగి ఎలా పడ్డాడని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అతని భార్య, "ఇంటికాడ మెట్ల మీంచి జారాడండి," అంది. అనేసి నా వైపు చూసింది. ఆ చూపులో భయమూ లేదు, బతిమాలడమూ లేదు. ఇంటికొచ్చినవాళ్ళకి ఉన్న ఒక్క మంచి కుర్చీ చూపించినట్టు చూసింది.

నేను కూచున్నాను.

ఉద్యోగి అదే కాగితం మీద రాసిమ్మన్నాడు. ఆవిడకి రాయడం రాదు, కలం నా చేతికిచ్చింది. "ఇంటి వద్ద మెట్లు దిగుచుండగా కాలు జారి పడినందున" అని మొదలుపెట్టి నాలుగు వరుసలు రాశాను. ఆవిడ వేలిముద్ర వేసింది, సాక్షిగా కింద నేను సంతకం పెట్టాను. ఆ కాగితం చూసి ఉద్యోగి, "ఎంత బాగా రాశారండీ," అన్నాడు. నాకు ఊపిరి తేలికైంది. దాచుకోవడం ఎందుకు, హాయిగా అనిపించింది.

అక్కణ్ణించి రాజమండ్రి తీసుకెళ్ళారు. మోచేతిలో, భుజంలో ఇనప ముక్కలు వేశారు. నాలుగు నెలలకి మనిషి లేచి తిరిగాడు గానీ కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. భుజం దాటి చెయ్యి లేవని మనిషికి చెట్టుతో పనేముంది?

అప్పుడు గుర్తొచ్చింది ప్రమాద బీమా. కూలి పని చేసుకునేవాళ్ళకి ప్రమాదం జరిగితే ప్రభుత్వం ఇచ్చే సాయం అది. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ పథకం పేరు మారుతుంది. కావలసిన కాగితాల జాబితా మాత్రం అమ్మమ్మ నగలాగా చెక్కుచెదరకుండా ఒకళ్ళ నుంచి ఇంకొకళ్ళకి వెళుతుంది. ఆ డబ్బొస్తే బస్టాపు దగ్గర కొబ్బరిబొండాల బండి పెట్టుకుందామని మొగుడూ పెళ్ళాలు అనుకున్నారు. కాయలు కొట్టడం ఆవిడ వంతు, గిరాకీ చూసుకోవడం అతని వంతు. రాకపోతే ఏం చేస్తారో వాళ్ళూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నేను కొంగు బిగించాను. చెయ్యాల్సిన ఒక్క పనీ తప్ప మిగతా పనులన్నీ చాలా శ్రద్ధగా చేశాను.

గ్రామ సచివాలయంలో ముందు వేలిముద్ర పెట్టమన్నారు. మెషీను ఎర్రలైటు వేసింది. "మళ్ళీ పెట్టు బాబాయ్," అంది అక్కడి అమ్మాయి. పదిసార్లు పెట్టాడు, పది వేళ్ళూ పెట్టాడు. మెషీను అతన్ని మనిషిగా ఒప్పుకోలేదు. గీతలు అరిగిపోయాయట. అరగవా మరి? అతని గీతలన్నీ నా నలభై చెట్లకీ అంటుకుని ఉన్నాయి. పోనీ ఫోనుకి ఓటీపీ పంపిస్తామన్నారు. ఆధార్‌కి ఇచ్చిన ఫోను నంబరు అతని బావమరిదిది. ఆ బావమరిది కొవ్వూరులో తాపీ పని చేస్తాడు. ఆ ఓటీపీ వచ్చినప్పుడల్లా పరంజా మీంచి దిగి, చేతులు కడుక్కుని, ఫోను తీసి చదివేసరికి గడువు అయిపోయేది. నాలుగోసారి ఓపిక పోయి, "పరంజా మీదే చదివెయ్యి నాయనా," అని ఫోన్లో అరిచాను. అరిచాక తట్టింది. అతనూ పడితే మళ్ళీ ఏ మెట్ల మీంచి పడ్డాడని రాయాలి?

తర్వాత చెయ్యి ఎంత శాతం పనిచెయ్యదో చెప్పే సర్టిఫికెట్టు. డాక్టరు గారు, "చెయ్యి పైకెత్తు," అన్నారు. నా కళ్ళ ముందే అతను పళ్ళు బిగించి, కళ్ళమ్మట నీళ్ళు తిరుగుతుంటే, పడ్డప్పటి నుంచీ లేవని చెయ్యి చెవి దాకా ఎత్తాడు. డాక్టరు గారు సంతోషించి శాతం తక్కువ వేశారు. బయటికొచ్చాక నేను అతన్ని దులిపేశాను.

"అంత పెద్దాయన ఎత్తమంటే ఎత్తకపోతే ఏం బాగుంటదండి?" అన్నాడు.

నెల తర్వాత రెండోసారి తీసుకెళ్ళినప్పుడు, ఈ ఒక్క పూటా మర్యాద ఇంటి దగ్గర వదిలేసి రమ్మని బతిమాలాను. వదిలేసి వచ్చాడు, పాపం. చెయ్యి లేచినంతవరకే లేపాడు. ఈసారి సర్టిఫికెట్టు సరిగా వచ్చింది. డాక్టరు గారికి మాత్రం రెండు చేతులూ కలిపి నమస్కారం పెట్టలేకపోయానని దారంతా బాధపడ్డాడు.

చివరికి అర్జీ వెళ్ళింది. ఇంట్లో జారిపడ్డ కేసు కనుక పోలీసు కాగితం అక్కర్లేదు, విచారణ అధికారి వచ్చి చూసి రిపోర్టు రాస్తే చాలన్నారు. ఆయన వచ్చే రోజున నేను ఆత్రేయపురం నుంచి నేతి పూతరేకులు తెప్పించి వాళ్ళింట్లో పెట్టాను. వచ్చినవాడు పాతికేళ్ళ కుర్రవాడు, స్కూటరు దిగి హెల్మెట్ తీసి, "నమస్కారం టీచరు గారండి," అన్నాడు. పూతరేకుల పెట్టె చూసి, "వద్దండి, తప్పుగా అనుకోకండి," అన్నాడు. కాఫీ కూడా తాగలేదు. ఆఫీసుల్లో నిజాయితీగా పనిచేసేవాళ్ళని పంపించమని ఎన్నేళ్ళుగానో చర్చిలో ప్రార్థన చేస్తున్నాను. ఆ ప్రార్థన ఫలించడానికి ఆ రోజే దొరికింది.

అతను ఇంటి ముందు నిలబడి ఫోనుతో ఫొటో తీశాడు. పక్కకెళ్ళి ఇంకోటి తీశాడు. వెనక్కెళ్ళి వచ్చాడు.

"మెట్లెక్కడండి?" అన్నాడు.

అది కాలనీ ఇల్లు. ఒక గది, ఒక వసారా, పైన శ్లాబు. శ్లాబు మీదికి మెట్లు లేవు. గుమ్మంలోనూ లేవు, ఎందుకంటే రోడ్డు ఎత్తు చేసినప్పటి నుంచీ ఆ ఇంట్లోకి నేల వాలుగా దిగుతుంది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళానో! మెట్లు దిగుచుండగా అని రాసేటప్పుడు ఆ ఇంటికి మెట్లున్నాయా అన్న ఆలోచనే నాకు రాలేదు. ఇప్పుడు చెయ్యి విరిగినతనూ, అతని భార్యా, నేనూ ముగ్గురం చుట్టూ చూశాం, మెట్లు ఎక్కడికో వెళ్ళి ఇంకా రానట్టు.

"ఇదివరకుండేవండి," అంది ఆవిడ మెల్లిగా.

కుర్రవాడు రాసుకుని వెళ్ళిపోయాడు. పది రోజులకి అర్జీ తిరస్కరించారు. ప్రమాదం జరిగినట్టు చెప్పిన స్థలం వాస్తవంలో లేదని కారణం.

నేను నిప్పులు కక్కుతూ ఆఫీసుకెళ్ళాను. మనిషి చెయ్యి కళ్ళ ముందు విరిగి ఉంటే మెట్లు లెక్కపెడతారా, పేదవాడి నోటి దగ్గర కూడు తీసేస్తారా, అని గట్టిగానే అడిగాను. ఇవన్నీ అర్జీల్లో నేను తరచుగా వాడే మాటలే, బాగా పలికాయి. కుర్రవాడు అంతా విని, ఫైలు తెరిచి నా వైపు తిప్పాడు.

"మీరు నా కుర్చీలో ఉంటే ఏం రాస్తారండి టీచరు గారూ?" అన్నాడు.

లేచి గుమ్మం వైపు నడిచాను. నేనైనా అదే రాస్తాను. ఇంకాస్త మంచి దస్తూరీతో రాస్తాను, అంతే తేడా.

"నెల రోజుల్లో అప్పీలు పెట్టుకోండి. మళ్ళీ వచ్చి చూస్తాను," అన్నాడు వెనకాల నుంచి.

నెల రోజుల్లో మూడు వారాలు నేను ఆలోచనలోనే గడిపాను. ఆలోచన అని గౌరవంగా అంటున్నాను గానీ అది భయం. నా చెట్టు మీంచి పడ్డాడంటే పోలీసు వస్తాడు. కేసు పెడతారేమో, కోర్టుకు తిప్పుతారేమో, వీధిలో ఏమంటారో, చర్చిలో ఏమంటారో. ఒంటరి ఆడదాన్ని అని నాకు నేనే చెప్పుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు క్లాసుకి యాభైమందిని ఒంటిచేత్తో నోరు మూయించినదాన్ని, ఆ మూడు వారాలూ ఒంటరి ఆడదాన్నయ్యాను.

మూడో వారం చివర సోమవారం నాడు వాళ్ళింటికి వెళ్ళాను. ఇంటి పక్క గోడకి మెట్లున్నాయి.

అయిదు మెట్లు. గోడని ఆనుకుని పైకెళ్ళి, శ్లాబుకి నాలుగడుగుల కిందే ఆగిపోయాయి. కొవ్వూరు బావమరిది ఆదివారం వచ్చి కట్టి వెళ్ళాడట.

"ఇటుక అయిపోయిందండి, లేకపోతే పైదాకా వచ్చేవి," అన్నాడు అతను, ఎడమ చేత్తో చూపిస్తూ. "కొత్తగా కనబడకుండా పేడనీళ్ళు కూడా కొట్టామండి. ఈసారి ఆయనొస్తే మెట్లుంటాయండి. మీరేం బెంగ పెట్టుకోకండి టీచరు గారండి. మీ పేరు ఎక్కడా రాదు."

నాకు నవ్వొచ్చింది ముందు. తర్వాత ఆ పేడవాసన వేస్తున్న మెట్టు మీద కూలబడి ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను. చెయ్యి పోయినవాడు నా కోసం, నేను కాగితం మీద కట్టిన మెట్లని ఇటుకతో కట్టిస్తున్నాడు. అతని భార్య కంగారుపడి మంచినీళ్ళు తెచ్చి, "సిమెంటు ఇంకా పచ్చిగా ఉందండి, చీరకంటుద్ది," అంది.

మర్నాడు పొద్దున్నే పోలీసు స్టేషనుకెళ్ళి జరిగింది చెప్పాను. అక్కణ్ణించి ఆ కుర్రవాడి ఆఫీసుకెళ్ళి, పడింది నా చెట్టు మీంచేనని రాసిన కాగితం ఇచ్చాను. అతను ఫైల్లోంచి ఆసుపత్రి కాగితం తీసి రెండూ పక్కపక్కన పెట్టాడు.

"రెండూ మీ చేతిరాతేనండి. రెండూ చాలా బాగున్నాయి. దేన్ని నమ్మమంటారు?"

అతను వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు. మొదటిది ఎందుకు రాశారో కారణం కూడా రాసిమ్మన్నాడు. కలం తీసుకున్నాను. "భర్త లేని స్త్రీని అయినందున" అని మొదలుపెట్టి కొట్టేశాను. "పేషెంటు భార్య చెప్పిన ప్రకారం" అని రాసి అదీ కొట్టేశాను. చివరికి ఇలా రాశాను: "మా ఇంటికి పోలీసులు వస్తారని భయపడి అబద్ధం రాశాను. చెట్టు తడిగా ఉందని అతను చెప్పాడు. ఎక్కమన్నది నేనే." అక్షరాలు ఎటు పడితే అటు పోయాయి. ఒకటో తరగతి పిల్లలు అలా రాస్తే పలక తుడిపించి మళ్ళీ రాయించేదాన్ని. కుర్రవాడు అది చదివి, స్టాంపు వేసి, తన మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపాడు.

పోలీసులు వచ్చారు. ఇద్దరు. చెట్టు ఎత్తు చూశారు, ఫొటో తీసుకున్నారు, నా వాంగ్మూలం రాసుకున్నారు, చెరో బొండం తాగి అరగంటలో వెళ్ళిపోయారు. మా ఊళ్ళో ఇన్నేళ్ళుగా ఎముకలు విరగ్గొట్టుకుని తప్పిస్తూ వచ్చిన ఉపద్రవం అంతా కలిపి ఆ అరగంటే.

సాయంత్రం మా వీధిలో పెద్ద తోటలున్న ఒకాయన వచ్చి, "మీరు చేసింది ఏం బాలేదండి. రేపటి నుంచి అందరూ చెట్ల మీంచే పడతారు," అని కోప్పడి వెళ్ళాడు. ఆ వెనకే అతనూ వచ్చాడు, భార్యని వెంటబెట్టుకుని. గుమ్మం బయటే నిలబడి, "మా మూలంగా మీ ఇంటికి పోలీసొచ్చాడండి. క్షమించండి," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండిందో తెలియక ఇద్దరినీ లోపలికి పిలిచి కూచోబెట్టి అన్నం పెట్టాను.

అప్పీలు నెగ్గింది. డబ్బు రావడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది, అదీ పూర్తిగా రాలేదు. ఫైల్లో రెండు సర్టిఫికెట్లుంటే తక్కువ శాతం ఉన్నదే లెక్కలోకి తీసుకోవాలట. అంటే డాక్టరు గారి మీద గౌరవంతో అతను చెవి దాకా ఎత్తిన చెయ్యే చెల్లింది. రూలు అందరికీ ఒకటేనని కుర్రవాడు చెప్పాడు. నిజమే, అందరికీ ఒకటే. నొప్పి భరించి చెయ్యెత్తేవాడికీ, ఎత్తనివాడికీ అదే రూలు. మిగిలింది నేను కలిపాను. అది దయ కాదు, నేను ఇవ్వాల్సిందే, అని చెప్పి ఇచ్చాను. "అలాగేనండి," అన్నాడు. బండి పెట్టుకున్నారు. ఆ మెట్లు ఇంకా అలాగే ఉన్నాయి, వాటి మీద బొండాలు పేరుస్తారు.

మొన్న వానాకాలంలో మా చెట్లకి కొత్త మనిషి వచ్చాడు. పాతతనే చెప్పి పంపించాడు. తాడు భుజాన వేసుకుని గేటు దగ్గరే నిలబడి అడిగాడు.

"టీచరు గారండి, మీ చెట్టు మీంచి పడితే మీ చెట్టు మీంచే పడ్డానని చెప్పుకోవచ్చంట కదండీ? నన్ను పంపించిన అన్నే చెప్పాడండి."

"చెప్పుకోవచ్చు," అన్నాను.

అతను తోటలోకి నడిచి, కాలవ గట్టు మీద చెట్టుకి చెయ్యి ఆనించి, ఆ తడి అరచెయ్యి తిప్పి నాకు చూపించాడు.

"అయితే ఇవాళ ఎక్కనండి," అన్నాడు.

అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి నాకు. దింపు తీసే మనిషి నోటి వెంట ఆ మాట వినడం అదే మొదలు. ఎండొచ్చాక రమ్మని చెప్పి, కాఫీ ఇచ్చి పంపించాను.